సైటుకి రేడియం జాకెట్లు కొనేముందు సప్లయర్‌ని ఎలా పరీక్షించాలి?

కొన్నేళ్ల కింద బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు వైపు జరిగిన ఒక డ్రైనేజీ పనికి స్టోర్స్ నేనే చూసుకునేవాణ్ణి. పనివాళ్లలో సగం మంది పాలమూరు వాళ్లు, మిగతావాళ్లు కదిరి, మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్లు. రేటు తక్కువని అందరికీ ఒకే షాపులో జాకెట్లు తెచ్చాను. ఆరేడు ఉతుకులకే పట్టీలు పొలుసులుగా రాలిపోయాయి. ఒక రాత్రి టిప్పర్ వెనక్కి వస్తుంటే వెనకాల ఉన్న మనిషి డ్రైవరుకి కనబడలేదు, పక్కనున్న మేస్త్రీ గట్టిగా కేకేయబట్టి సరిపోయింది. ఆ మనిషి ఒంటిమీద నేనిచ్చిన జాకెట్ ఉంది. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. అప్పటి నుంచి జాకెట్ కంటే ముందు అమ్మేవాణ్ణి పరీక్షించడం అలవాటు చేసుకున్నాను, ఎలాగో వరసగా చెప్తాను.

ముందు మీకేం కావాలో మీరే తేల్చుకోండి

షాపుకెళ్లి "రేడియం జాకెట్ ఇవ్వండి" అంటే వాళ్ల దగ్గర ఏది ఎక్కువ మిగిలి ఉంటే అది చేతిలో పెడతారు. మన దేశంలో ఈ బట్టలకి ఐఎస్ 15809 అనే ప్రమాణం ఉంది, ప్రపంచవ్యాప్తంగా ఎక్కువగా అడిగేది ఐఎస్ఓ 20471. ఈ రెండో దాంట్లో మూడు క్లాసులున్నాయి. క్లాస్ 2 కావాలంటే మెరిసే రంగు (ఫ్లోరసెంట్) గుడ్డ కనీసం 0.50 చదరపు మీటర్లు, వెలుతురుని తిప్పికొట్టే పట్టీ కనీసం 0.13 చదరపు మీటర్లు ఉండాలి. క్లాస్ 3కి అవి 0.80, 0.20. బండ్లు తిరిగే రోడ్డు పక్కన పని అయితే క్లాస్ 2కి తగ్గకండి, వేగంగా వాహనాలు వెళ్లే చోట రాత్రి పని అయితే క్లాస్ 3 అడగండి. మీ మెయిన్ కాంట్రాక్టరు టెండర్లో ఏం రాశాడో కూడా ఒకసారి చూసుకోండి, ఎక్కువ అడిగి ఉంటే అదే లెక్క.

గుడ్డ ఒక పని చేస్తుంది, పట్టీ ఇంకో పని చేస్తుంది. ఫ్లోరసెంట్ గుడ్డ పగటి వెలుతుర్లో, ముఖ్యంగా తెల్లవారుజామున, సాయంత్రం మసకలో, మబ్బు పట్టినప్పుడు మనిషిని పట్టిస్తుంది, చీకట్లో దానివల్ల పెద్ద ప్రయోజనం లేదు. పట్టీని అందరం రేడియం అంటాం గానీ అది తనంతట తాను వెలగదు, అందులోని సన్నని గాజు పూసలు గానీ ప్రిజమ్‌లు గానీ హెడ్‌లైట్ వెలుతురుని వచ్చిన దారినే డ్రైవరు వైపు వెనక్కి పంపుతాయి. అందుకే షాపులో ట్యూబులైటు కింద తళతళలాడే వెండి రంగు చూసి మోసపోకండి, మామూలు వెండి రంగు గుడ్డ కూడా అక్కడ అలాగే మెరుస్తుంది.

రంగు సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. చుట్టూ చెట్లూ పచ్చదనం ఉంటే నారింజ బాగా కనిపిస్తుంది, చుట్టూ నారింజ బారికేడ్లుంటే పసుపు మేలు.

ఇంచ్ టేపు జేబులో పెట్టుకుని వెళ్లండి

నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చిన చిట్కా ఇదే, పైసా ఖర్చు లేదు. పట్టీ వెడల్పు కనీసం 50 మిల్లీమీటర్లు, అంటే 5 సెంటీమీటర్లు ఉండాలి. క్లాస్ 2కి కావాల్సిన 0.13 చదరపు మీటర్లని ఈ వెడల్పుతో భాగిస్తే 2.6 మీటర్ల పొడవు వస్తుంది. జాకెట్‌ని బల్లమీద పరిచి ముందూ వెనకా ఉన్న పట్టీలన్నీ కొలవండి, ఈ వెడల్పు పట్టీ మొత్తం కనీసం 2.6 మీటర్లు లేకపోతే ఎవరెన్ని కాగితాలు చూపించినా అది క్లాస్ 2 కాదు. అంగుళం వెడల్పు పట్టీలు వేసి, రెండు గీతలున్నాయి కదా అని అమ్మేవి చాలా తిరుగుతున్నాయి, అవి ఈ కొలత దగ్గరే దొరికిపోతాయి. కొలిచేటప్పుడు వాళ్ల దగ్గరున్న అన్నిటికంటే చిన్న సైజు తీసుకోండి, ఎందుకంటే ప్రమాణం ప్రకారం లెక్క సరిపోవాల్సింది చిన్న సైజులోనే.

పనిలో పనిగా ఇంకొకటి అడగండి: "చేతుల్లేనిది క్లాస్ 3లో ఉందా?" ఉంది అన్నారంటే అక్కడే ఆగిపోండి. ఐఎస్ఓ 20471 ప్రకారం క్లాస్ 3 అంటే ఒంటితో పాటు చేతులు గానీ కాళ్లు గానీ కప్పాలి, చేతుల్లేని జాకెట్ ఒక్కటే ఎప్పటికీ క్లాస్ 3 కాదు. ఈ సంగతి తెలియని సప్లయర్ మిగతా విషయాల్లో ఏం తెలుసుకుని అమ్ముతున్నాడో మీరే ఆలోచించండి.

కాగితాలు: ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే

బెంగళూరు ఎస్‌జేపీ రోడ్డులో ఒక షాపులో తెలుగాయనే ఉన్నాడు, నేను సర్టిఫికెట్ అడగ్గానే "దానికేముంది తమ్ముడూ, వాట్సాప్‌లో పెడతా" అన్నాడు, పెట్టాడు కూడా. చదివితే అది పట్టీ తయారుచేసిన కంపెనీది. పట్టీ నిజంగా మంచిదే కావచ్చు, కానీ ఆ పట్టీని ఏ గుడ్డ మీద, ఎంత పొడవు, ఏ ఎత్తులో కుట్టారన్నది ఆ రిపోర్టులో ఉండదు. "అన్నా, ఇది పట్టీది, నేనడిగేది జాకెట్‌ది" అన్నాను. ఆయన కాసేపు నా వైపు చూసి, అలా ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నాడు. మీరు మాత్రం అడగండి. మంచి పట్టీ, నాసిరకం గుడ్డ కలిస్తే వచ్చేది ప్రమాణానికి తగ్గ జాకెట్ కాదు.

రిపోర్టు చేతికొచ్చాక నిదానంగా చదవండి. పరీక్షకి పంపినవాళ్ల పేరు ఎవరిది, మోడల్ నంబరు మీకు చూపిస్తున్న జాకెట్ లేబుల్ మీదున్నదేనా, ఫొటో ఉంటే అది ఇదేనా, తేదీ ఎప్పటిది, ప్రమాణం నంబరు ఏది. ఈఎన్ 471 అని ఉంటే అది పాతది, 2013లో దాని స్థానంలో ఐఎస్ఓ 20471 వచ్చింది. మన దేశంలో చేయించిన పరీక్ష అయితే ల్యాబ్‌కి ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉండాలి, ఆ ల్యాబ్ పేరు ఎన్ఏబీఎల్ వెబ్‌సైట్‌లో వెతకండి, ఈ రకం పరీక్ష వాళ్ల పరిధిలో ఉందో లేదో కూడా అక్కడే తెలుస్తుంది. జాకెట్ మీద ఐఎస్ఐ గుర్తు ఉంటే దాని దగ్గర సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉంటుంది, ఫోన్‌లో ఆ గుర్తునిచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ నంబరు కొడితే లైసెన్స్ ఎవరిది, ఏ వస్తువుకి ఇచ్చారు అన్నది రెండు నిమిషాల్లో తేలిపోతుంది. సీఈ అని ముద్రేసి ఉన్నంత మాత్రాన నమ్మకండి, అది యూరప్ మార్కెట్ నిబంధన, దాని వెనకున్న సర్టిఫికెట్ అడిగి, ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్‌లో ఆ నంబరు సరిచూడండి.

జీఎస్టీ నంబరు సంగతి త్వరగా తేలిపోతుంది. కర్ణాటక నంబర్లు 29తో, తమిళనాడువి 33తో మొదలవుతాయి, జీఎస్టీ పోర్టల్లో కొడితే రిజిస్ట్రేషన్ నడుస్తోందా, రద్దయిందా కనిపిస్తుంది.

శాంపిల్‌ని కష్టపెట్టండి

ఒకటి కాదు, రెండు శాంపిల్స్ కొనండి, ఊరికే ఇస్తానన్నా డబ్బిచ్చే తీసుకోండి, అప్పుడు మొహమాటం ఉండదు. ఒకదాన్ని అలాగే దాచి, రెండోదాన్ని మీ పనివాళ్లు నిజంగా ఉతికినట్టే ఉతికించండి. లేబుల్ మీద గరిష్ఠంగా ఎన్ని ఉతుకులో రాసి ఉంటుంది, అసలు ఆ అంకే లేని లేబుల్ అయితే అనుమానించండి. పది ఉతుకులయ్యాక, మధ్యలో నాలుగు రోజులు మిద్దె మీద ఎండలో ఆరేశాక, రెండూ పక్కపక్కన పెట్టి రంగు చూడండి.

రాత్రిపూట రెండిటినీ గోడకి తగిలించి ఇరవై ముప్పై అడుగుల దూరం వెళ్లి, ఫోన్ టార్చ్‌ని మీ కంటి పక్కనే, కణతకి ఆనించి పట్టుకుని వెయ్యండి. చేతిని దూరంగా చాపి పట్టుకుంటే తేడా తెలియదు, ఎందుకంటే వెలుతురు టార్చ్ వైపే తిరిగి వెళ్తుంది. మంచి పట్టీ తెల్లగా కళ్లలో కొడుతుంది, చెత్తది బూడిద రంగులో ఉండిపోతుంది. తర్వాత చెంబుడు నీళ్లు పోసి మళ్లీ చూడండి. కొన్ని పట్టీలు తడిస్తే మసకబారిపోతాయి, మన ఊళ్లో సాయంత్రం వానలు ఎలా ఉంటాయో మీకు తెలిసిందే, ట్రాఫిక్ కూడా సరిగ్గా అప్పుడే. ఇది ల్యాబ్ పరీక్షకి బదులు కాదు, కానీ కాగితం ఒకటి, సరుకు ఇంకొకటి అయినప్పుడు ఇదే పట్టిస్తుంది.

శాంపిల్‌ని పనిచేసే మనిషికి తొడిగి చూడండి, ఆఫీసులో కుర్రాడికి కాదు. మన ఆడవాళ్లు చీర మీద పాత చొక్కా వేసుకుని దాని మీద జాకెట్ వేస్తారు, అందరికీ ఒకే ఎక్స్‌ఎల్ (XL) సైజు ఇస్తే అది వదులై వేలాడుతుంది, ఇనప చువ్వలకి తగులుకుంటుంది, గంటలో తీసి పక్కన పడేస్తారు. కనీసం మూడు సైజులు ఇవ్వగలడా అని సప్లయర్‌ని అడగండి. తిరిగే మెషీన్ల దగ్గర పనిచేసేవాళ్లకి జిప్పు కంటే లాగితే ఊడివచ్చే వెల్క్రో మేలు. వెల్డింగ్ వాళ్లకి మామూలు పాలిస్టర్ జాకెట్ అసలొద్దు, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది.

ఆర్డర్ కాగితంలో ఏం రాయాలి

"సేఫ్టీ జాకెట్, 100" అని ఒక్క ముక్క రాస్తే తర్వాత మీరేం అడగలేరు. ప్రమాణం నంబరు, క్లాసు, మోడల్, రంగు, పట్టీ వెడల్పు, సైజులవారీగా ఎన్ని, అన్నీ రాయండి. మీరు దాచిన శాంపిల్ మీద ఇద్దరూ సంతకాలు చేసి, వచ్చే సరుకు దీనికి సరిపోవాలి, సరిపోకపోతే మొత్తం లాట్ వెనక్కి తీసుకోవాలి అని ఒక వాక్యం చేర్చండి. కంపెనీ పేరు ముద్రించాలనుకుంటే ముందే చెప్పండి, వీపు మీద పెద్ద నల్ల లోగో వేస్తే ఆ మేరకు ఫ్లోరసెంట్ గుడ్డ తగ్గిపోతుంది, అంచున సరిపోయే క్లాస్ 2 జాకెట్ అక్కడితో పోయినట్టే. మళ్లీ ఇరవై ముప్పై జాకెట్లు కావాలంటే అదే మోడల్ ఎన్ని రోజుల్లో ఇస్తాడో కూడా అప్పుడే అడిగేయండి, జనం మారుతూ ఉండే సైట్లలో ఆ అవసరం తప్పకుండా వస్తుంది.

ఈ మాటలన్నీ విని చిరాకుపడే సప్లయర్లు ఉంటారు. కొంతమంది మాత్రం ఓపిగ్గా ఫైలు తెరిచి చూపిస్తారు, తమకి తెలియనిది కనుక్కుని చెప్తామంటారు, నేను రెండు రూపాయలు ఎక్కువైనా వాళ్ల దగ్గరే కొంటాను.

సరుకు దిగిన రోజు కట్టలు పైపైన చూసి సంతకం పెట్టకండి. మధ్య కట్టల్లోంచి, అడుగు కట్టల్లోంచి ఐదారు తీసి, దాచిన శాంపిల్ పక్కన పెట్టి కొలవండి, స్టోర్ రూములో లైట్లార్పి టార్చ్ వెయ్యండి. డబ్బులో కొంత భాగం నెల రోజులు ఆపుకునేలా ముందే మాట్లాడుకుని ఉంటే, ఆ నెలలో పట్టీ ఊడిన జాకెట్లన్నీ ఒక సంచిలో వేసి పెట్టండి, మిగతా చెల్లింపు ఆ సంచి ముందు కూర్చునే మాట్లాడొచ్చు.