కాశీ మాన్ మహల్ డాబా మీద నీడ గడియారం చూడటం ఎలా?

కాశీ వెళ్లిన మనవాళ్లు దశాశ్వమేధ ఘాట్‌లో హారతి తప్పకుండా చూస్తారు. దానికి కాస్త దూరంలోనే ఉన్న మాన్ మహల్ డాబా మీద ఒక పాత వేధశాల (సూర్యుడిని, నక్షత్రాలను పరిశీలించే చోటు) ఉందని మాత్రం చాలామందికి తెలియదు. మహల్‌ని అంబర్ రాజా మాన్‌సింగ్ 1600 ప్రాంతంలో కట్టించాడు. పైన యంత్రాలు పెట్టించింది అదే వంశానికి చెందిన సవాయి జైసింగ్, 18వ శతాబ్దంలో.

ముందు వేళ చూసుకోండి. ఎండ లేకపోతే అక్కడ చూడటానికి రాళ్లే మిగులుతాయి, కాబట్టి హారతికి ముందు ఓసారి చూసొద్దామని సాయంత్రం వెళ్లకండి. డిసెంబర్, జనవరిల్లో పొగమంచు. వానాకాలంలో గంగ పొంగితే ఘాట్ మెట్లు మునుగుతాయి. ఫిబ్రవరి, మార్చి నయం. ఉదయం 11 గంటలకల్లా చేరుకోండి.

ఆటో గోదౌలియా దగ్గర దించేస్తుంది, అక్కడి నుంచి నడకే. దశాశ్వమేధ ఘాట్ మెట్లు దిగి, గంగ మీకు కుడివైపు ఉండేలా నడవండి. రాజేంద్రప్రసాద్ ఘాట్ దాటాక తల ఎత్తి చూస్తే నగిషీల రాతి గవాక్షం కనిపిస్తుంది. మహల్‌కి అదే గుర్తు.

టికెట్ తీసుకున్నాక నేరుగా డాబా ఎక్కేయండి. లోపల 2019లో తెరిచిన వర్చువల్ మ్యూజియం ఎక్కడికీ పోదు, ఎండే పోతుంది.

పైన సామ్రాట్ యంత్రం దగ్గర ఆగండి. నీడ గడియారం అదే. ఏటవాలు గోడ, దానికి అటూ ఇటూ గీతలు చెక్కిన వంపు రాళ్లు. గోడ వాలు సుమారు 25 డిగ్రీలు, అంటే కాశీ అక్షాంశం ఎంతో అంత. దక్షిణపు కొస నుంచి ఆ వాలు వెంబడే చూస్తే మన చూపు ధ్రువ నక్షత్రం వైపే పోతుంది. పొద్దున నీడ పడమటి వంపు మీద ఉంటుంది, మధ్యాహ్నం తూర్పు వంపు ఎక్కుతుంది. ఆరు డిగ్రీలు జరిగితే ఒక ఘడియ. మన పంచాంగంలో ఉండే ఆ 24 నిమిషాల ఘడియే.

నీడ అంచు మసగ్గా ఉంటుంది, ఎందుకంటే సూర్యుడు చుక్క కాదు, బింబం. ఒక చీపురుపుల్లని అంచుకి సమాంతరంగా, రాతికి వేలెడు ఎత్తులో పట్టుకుని మెల్లగా నీడలోకి జరపండి. పుల్ల నీడ ఎక్కడ కలిసిపోతే అక్కడి గీత చదవండి. రాళ్ల మీద మాత్రం గీయొద్దు.

ఫోన్‌తో పోలిస్తే తేడా వస్తుంది, టెన్షన్ పడకండి. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తాయి, కాశీ దాదాపు 83 మీద ఉంది. దానివల్ల వచ్చే తేడా 2 నిమిషాలే. మిగతాది భూమి కక్ష్యలో ఒకే వేగంతో తిరగకపోవడం వల్ల, ఇరుసు వంపు వల్ల. నీడ ఫిబ్రవరి మధ్యలో ఫోన్ కంటే సుమారు 12 నిమిషాలు వెనకబడుతుంది, నవంబర్ మొదట్లో 18 నిమిషాలు ముందుంటుంది.

ఈ లెక్క వేసుకుని అసలు మిట్టమధ్యాహ్నానికి పది నిమిషాల ముందే గోడ పక్కన నిలబడండి. పడమటి నీడ సన్నబడి గోడ మొదట్లోకి చేరి మాయమవుతుంది. కాసేపటికి తూర్పు వైపు సన్నటి గీతలా మొదలవుతుంది. అప్పటికి డాబా రాళ్లు కాలుతుంటాయి, ఇక కిందికి దిగి మ్యూజియం చూసుకోండి.