ఇసుక నేలలో పెరటి తోట: ఆకు అంచులు మాడుతుంటే ఏం చూడాలి?

బాపట్ల, చీరాల, వేటపాలెం తీరపు ఇసుక నేలల్లో పెరటి తోట వేసుకున్నవారు ఏప్రిల్ నెల వచ్చేసరికి దాదాపు ఒకే ఫిర్యాదు చెబుతారు: ఆకులు కొసల నుంచి మొదలై అంచుల వెంబడి మాడుతున్నాయి, పూత రాలిపోతోంది, నీరు పెట్టినా మొక్క తేరుకోవడం లేదు. అప్పటికే యూరియా వేసి, సూక్ష్మపోషకాల మందు పిచికారి చేసి, తెగులు మందు కూడా కొట్టి ఉంటారు. మోటారు నుంచి వచ్చే నీటిలో ఉప్పు ఎంతుందో మాత్రం కొలిచి ఉండరు. పాదులు చేయడం, నారు నాటడం మీకు తెలిసినవే కనుక నేరుగా లక్షణాల్లోకి వెళదాం.

ముదురు ఆకులు ముందుగా, సమంగా పసుపు రంగుకు మారుతున్నాయి

ఇది నత్రజని లోపం. ఇసుకకు పోషకాలను పట్టి ఉంచే శక్తి చాలా తక్కువ. ఒకేసారి గుప్పెడు యూరియా వేసి పాదు నిండా నీరు పెడితే అందులో ఎక్కువ భాగం వేళ్ళను దాటి కిందికి దిగిపోతుంది. అదే మోతాదును నాలుగైదు విడతలుగా వేయండి, బాగా మాగిన పశువుల ఎరువును ప్రతి పంటకూ కలపండి, పాదు మీద కొబ్బరి ఆకులు గానీ ఎండుగడ్డి గానీ కప్పండి. ఇంతకు మించి ఆలోచించవలసింది లేదు.

నీరు పెట్టినా మధ్యాహ్నానికి మొక్క వాలిపోతోంది

మొక్క పక్కన జానెడు లోతు తవ్వి చూడండి. పైన తడిసి కింద పొడిగా ఉంటే నీరు లోపలికి దిగడం లేదన్నమాట. సరుగుడు ఆకు రాలి కుళ్ళిన చోట ఎండిన ఇసుక రేణువుల మీద మైనం వంటి పొర ఏర్పడి నీటిని తోసేస్తుంది. కొద్ది కొద్దిగా, రెండు మూడు దఫాలుగా తడపాలి. కింద తడిగానే ఉంటే ఒక మొక్కను పెరికి వేళ్ళు చూడండి. వేళ్ళ మీద బుడిపెలుంటే అవి నులిపురుగుల (వేళ్ళలో చేరే, కంటికి కనిపించని నెమటోడ్ల) వల్ల వచ్చినవి. ఇసుక నేల వాటికి ఎంతో అనుకూలం. ఆ మడిలో బెండ, వంగ, టమాటా మళ్ళీ వేయకుండా ఒక పంటకాలం బంతి వేయండి, తరువాతి నాట్లకు ముందు వేపపిండి కలపండి. కింద తడి ఉండి, వేళ్ళూ శుభ్రంగా ఉంటే సమస్య నీటిలోని ఉప్పుదే అయ్యే అవకాశం ఎక్కువ.

ఆకు కొసలు, అంచులు మాడుతున్నాయి

తీరంలోని ఇసుక కింద మంచినీరు, ఉప్పునీరు ఒకదానిపై ఒకటి ఉంటాయి. వానకు ఇంకిన మంచినీరు తేలిక కనుక పైన పొరగా నిలుస్తుంది, సముద్రపు ఉప్పునీరు బరువు కనుక దాని కింద ఉంటుంది. ఈ రెండింటి సాంద్రతల తేడాను బట్టి వేసే లెక్క ప్రకారం, సముద్ర మట్టానికి పైన ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే, ఆ పొర సముద్ర మట్టానికి కింద సుమారు 40 అడుగుల లోతు దాకా ఉంటుంది. ఈ లెక్కలోనే ప్రమాదమూ ఉంది: మోటారు తోడడం వల్ల పై మట్టం కొద్ది అంగుళాలు తగ్గినా కింది ఉప్పునీరు అనేక అడుగులు పైకి రాగలదు. బోరు లోతుగా ఉండి మోటారు పెద్దదైతే, సరిగ్గా గొట్టం కిందనే ఉప్పునీరు దిబ్బలా లేచి గొట్టంలోకి చేరుతుంది. మోటారు ఆపి రాత్రంతా వదిలేస్తే కొంత వెనక్కి దిగుతుంది.

మోసం ఇక్కడే జరుగుతుంది. పొద్దున మోటారు వేయగానే వచ్చిన మొదటి బకెట్ తియ్యగా ఉంటుంది, దానినే సీసాలో పట్టి పరీక్షకు పంపుతారు. అది కూడా సాధారణంగా బోరు వేసిన కొత్తలో, వానలు కురిసిన నెలల్లో. నీరు బాగుందని కాగితం వస్తుంది, ఆ కాగితాన్ని నమ్మి మే నెలలో గంటల తరబడి తోడిన నీటిని చిక్కుడు పాదులకు పారిస్తారు. రుచి చూసి తేల్చుకుందామన్నా కుదరదు, ఎందుకంటే నాలుకకు ఉప్పు తెలియని నీరే చిక్కుడుకు ఎక్కువ కావచ్చు.

కనుక ఈసీ (నీటి విద్యుత్ వాహకత; ఉప్పు పెరిగేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది) చూపే చిన్న మీటరుతో, వేసవిలో, మోటారు వేసిన వెంటనే ఒకసారి, గంట తరువాత మరొకసారి కొలవండి. టీడీఎస్ (కరిగిన లవణాల) అంకె మీటరును బట్టి మారుతుంది, ఈసీనే చూడండి. ఈసీ 700 మైక్రోసీమెన్స్ (సెంటీమీటరుకు) లోపు ఉంటే నీటిని అనుమానించనక్కర లేదు. 700 నుంచి 3000 దాకా పంటను బట్టి చూసుకోవాలి. చిక్కుడు, బీన్స్, క్యారెట్ ముందే దెబ్బతింటాయి, టమాటా కొంత ఓర్చుకుంటుంది. 3000 దాటితే ఆ నీటితో కూరగాయలు పండించే ప్రయత్నం మానుకోవడమే మేలు. మొదట, గంట తరువాత కొలిచిన రెండు అంకెల మధ్య తేడా పెద్దగా ఉంటే కారణం దొరికినట్లే.

పరిష్కారం బోరును ఇంకా లోతుకు దింపడం కాదు; ఎక్కువమంది చేసేది అదే, దానితో ఉప్పు మరింత దగ్గరవుతుంది. లోతు తగ్గించాలి, తోడే వేగం తగ్గించాలి. ఒక లోతైన బోరుకు బదులు దూరదూరంగా రెండు మూడు లోతు తక్కువ ఫిల్టర్ పాయింట్లు (అడుగున జల్లెడ గొట్టం ఉన్న చిన్న బోర్లు), చిన్న మోటారు, అరగంట తోడి ఆపడం. ఈ తీరంలో పూర్వం నుంచి ఉన్న దొరువు చేసేది ఇదే: ఇసుకలో తవ్విన ఆ గుంటలో పైపొర మంచినీరే ఊరుతుంది. బాపట్ల వ్యవసాయ పరిశోధకులు దానినే మెరుగుపరచి, చిల్లులున్న గొట్టాలను ఇసుకలో అడ్డంగా పరచి నీటిని ఒక బావిలోకి చేర్చే పద్ధతిని రూపొందించారు. పెరడు కొంచెం పెద్దదైతే అది పెట్టదగిన ఖర్చే.

నీరు మారిన తరువాత నేల సంగతికి బెంగ పడనక్కర లేదు. నల్లరేగడిలో చేరిన ఉప్పు అంత సులువుగా వదలదు గానీ ఇసుకలోది రెండు మూడు నిండు తడులకు, లేదా అక్టోబరు వానలకు కిందికి దిగిపోతుంది. ఇసుకకు జిప్సం వేయమని చెప్పేవారున్నారు. సోడియం పట్టిన బంకనేలకు అది మందు, ఉప్పునీరు పారే ఇసుకకు కాదు. ఉప్పుగా ఉన్న నీటిని ఆకుల మీద చల్లడం మాత్రం పూర్తిగా మానండి, మొదలు దగ్గరే పోయండి.

నీరు బాగుండి కూడా అంచులు మాడుతుంటే, ఇసుకకు బలమని తోలించిన చెరువు మట్టి ఎక్కడిదో కనుక్కోండి. రొయ్యల చెరువు మట్టి అయితే ఉప్పు దానితోనే వచ్చింది. పాదుల నుంచి తీయించి పారబోయండి. సముద్రపు గాలితో వచ్చే ఉప్పు తుంపర తీరానికి బాగా దగ్గరి ఇళ్ళకే సమస్య, సరుగుడు వరుస దాన్ని తగ్గిస్తుంది. బోరాన్ అనే సూక్ష్మపోషకం మితిమీరి విషమవడం వంటివి చాలా అరుదు, వాటి జోలికి ముందే వెళ్ళకండి.

కొత్త ఫిల్టర్ పాయింట్ పడేదాకా మడిని ఖాళీగా ఉంచడం ఇష్టం లేకపోతే ఉప్పును కొంత ఓర్చుకునే బీట్‌రూట్, పాలకూర వేసి చూడండి. కొబ్బరి, సపోటా చెట్లు ఎలాగూ తట్టుకుంటాయి. చిక్కుడు గింజలు మాత్రం వానలు పడి, మీటరు మళ్ళీ 700 లోపు చూపాకే పెట్టండి.