ట్యూబు ఉన్న పేషెంట్‌ని ఎలా చూడాలి? ఐసీయూలో కొత్తగా చేరిన సిస్టర్లకు

డ్యూటీ మారేటప్పుడు ‘పేషెంట్ ప్రశాంతంగా ఉన్నాడు మేడం’ అంటే నేను ఒప్పుకోను. అంకె చెప్పమంటాను.

ముందు నొప్పి చూడండి. గొంతులో ట్యూబు ఉన్నవాళ్లు చెప్పలేరు కాబట్టి సీపాట్ (చూసి నొప్పికి అంకె వేసే పద్ధతి) వాడతాం. ముఖం, ఒంటి కదలికలు, కండరాల బిగువు, వెంటిలేటర్‌తో పేచీ పడుతున్నారా అన్నది, ఒక్కోదానికి 0 నుంచి 2. మొత్తం 3 గానీ ఎక్కువ గానీ వస్తే నొప్పి ఉందనుకోండి. కదల్చకుండా ఒకసారి, పక్కకు తిప్పేటప్పుడు మరోసారి చూడాలి. చెయ్యి మెల్లగా వంచితే బిగువు తెలుస్తుంది. బీపీ, పల్స్ పెరిగాయని మాత్రమే నొప్పి అని రాయొద్దు, జ్వరానికీ పల్స్ పెరుగుతుంది. మందు ఇచ్చాక మళ్లీ చూడండి. కండరాలు కదలకుండా చేసే మందు నడుస్తుంటే ఈ లెక్క పనికిరాదు.

తర్వాత రాస్, అంటే మెలకువ, ఆవేశం ఎంతుందో చెప్పే అంకె. +4 అంటే మీద పడి కొట్టేంత ఆవేశం, 0 మామూలు మెలకువ, -5 అంటే ఏం చేసినా స్పందన లేదు. ముందు ఊరికే గమనించండి, మెలకువగా లేకపోతే పేరు పెట్టి పిలవండి. ఆధార్‌లో పేరు కాదు, ఇంట్లో పిలిచే పేరు. అటెండెంట్లని అడిగితే చెబుతారు. మీ కళ్లలోకి 10 సెకన్లు చూస్తే -1, తక్కువైతే -2, కదిలి కూడా చూపు కలపకపోతే -3. పిలుపుకి ఏమీ లేక, తట్టినప్పుడే కదిలితే -4. -4, -5 వాళ్లని డెలీరియం (ఉన్నట్టుండి వచ్చే మనసు అయోమయం) కోసం ఇప్పుడు పరీక్షించలేం, తేరుకున్నాక చూడాలి.

అసలు చిక్కు డెలీరియం దగ్గరే. లైన్లు పీక్కునేవాళ్లని అందరూ గమనిస్తారు. సీలింగ్ వైపు చూస్తూ పడుకునే మామ్మగారికీ డెలీరియం ఉండొచ్చు, ఆవిణ్ణి ఎవరూ పట్టించుకోరు. క్యామ్-ఐసీయూ అనే డెలీరియం పరీక్షలో పది ఇంగ్లీషు అక్షరాలు చదివి, ‘ఏ’ విన్నప్పుడల్లా చెయ్యి నొక్కమంటారు. ఇంగ్లీషు రానివాళ్లకి అది పెట్టి తప్పులు లెక్కేయడం అన్యాయం. మేం అంకెలు చదువుతాం, ‘ఎనిమిది’ నాలుగుసార్లు వచ్చేలా. కళ్లజోడు, చెవి మెషిన్ ముందే పెట్టండి. తప్పులు రెండు దాటితే ధ్యాస నిలవట్లేదని అర్థం. మనిషి ఉన్నట్టుండి మారిపోయి, ధ్యాస నిలవక, రాస్ కూడా 0 కాకపోతే డెలీరియం ఉన్నట్టే. రాస్ 0 అయితే ‘రాయి నీళ్లలో తేలుతుందా?’, ‘సముద్రంలో చేపలుంటాయా?’ లాంటి నాలుగు ప్రశ్నలు అడుగుతాం, తల ఊపితే చాలు.

పాజిటివ్ వస్తే చేతులు కట్టేయడానికి తొందరపడకండి. ఆక్సిజన్, షుగర్, మూత్రం నిలిచిపోయిందా, మత్తు మందు మిడజోలం ఎంత వెళ్తోంది, ఇవి చూసి డాక్టర్‌కి అంకెతో, టైముతో చెప్పండి.