పాత విశాఖ ఫోటోలు వెతికినవాళ్లకు దొరకాలంటే ఎలా?

వన్‌టౌన్‌లో పాత ఇళ్ల ట్రంకుపెట్టెలు తెరిస్తే ఫోటోలే ఫోటోలు. కొందరు ఓపిగ్గా స్కాన్ చేసి నెట్‌లో పెడుతున్నారు కూడా. తీరా చూస్తే ఫైలు పేరు ‘ఐఎంజీ 0034’, కింద రాసింది ‘మధుర జ్ఞాపకం’. హార్బరు చరిత్ర వెతికే పిల్లకి ఆ ఫోటో ఎలా దొరుకుతుంది? సెర్చింజను ప్రధానంగా బొమ్మ చుట్టూ ఉన్న మాటల్నే పట్టుకుంటుంది.

అందుకే మొదట ఫైలు పేరు మార్చండి. చోటు, వస్తువు, ఏడాది ఉంటే చాలు. ఏడాది తెలియకపోతే ‘సుమారు 1950లు’ అనండి. ఊహించి తేదీ వేయొద్దు, ఆ తప్పే పదిచోట్లకి పాకుతుంది.

తర్వాత వివరణ. ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. మన ఊరికి పేర్లు ఎక్కువ: విశాఖపట్నం, విశాఖ, వైజాగ్, ఇంగ్లిష్ వాళ్ల కాగితాల్లో వైజాగపటం. రైల్వే స్టేషను ఫోటో అయితే దాని పాత పేరు వాల్తేరు అన్న మాట తప్పనిసరి. వీటిని తెలుగులోనూ ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రాయండి. షిప్‌యార్డు ఫోటోకి ఓడ పేరు కావాలి. 1948లో నెహ్రూ జలప్రవేశం చేయించిన ‘జల ఉష’ని జనం ఆ పేరుతోనే వెతుకుతారు. వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తే అదీ చెప్పండి. ఫోటో వెనకవైపు స్టూడియో ముద్ర, చేతిరాత ఉంటే స్కాన్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్లకి చూపించి ‘ఇది ఏ వీధండీ?’ అని అడగండి. ఈ పని మాత్రం రేపటికి వాయిదా వేయకండి.

పాత సావనీర్లు ఉంటే ఇంకో చిక్కు. అను ఫాంట్లలో (డీటీపీలో వాడే పాత తరహా తెలుగు ఫాంట్లు) కొట్టిన వ్యాసం కంటికి తెలుగే గానీ కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, వెతికితే దొరకదు. యూనికోడ్‌లోకి, అంటే అన్ని కంప్యూటర్లూ ఫోన్లూ గుర్తుపట్టే అక్షరాల్లోకి మార్చాలి. అచ్చు పేజీల స్కాన్లని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలుగా మారతాయి. ఒత్తులూ దీర్ఘాలూ మీరే సరిచూడాలి.

ఎక్కడ పెట్టాలి? వాట్సాప్ గ్రూపులో పెట్టింది సెర్చ్‌కి అందదు. వికీపీడియా బొమ్మల్ని దాచే ఉచిత భండారం వికీమీడియా కామన్స్ మేలు. అక్కడ విశాఖ వర్గాల్లో (కేటగిరీల్లో) చేర్చి, తీసిన చోటు గుర్తించి, తెలుగు వికీపీడియా వ్యాసంలో వాడండి. స్కాన్ చేసినంతమాత్రాన హక్కు మనది కాదు. తీసినవారి వారసుల అనుమతి అవసరమేమో ముందే చూసుకోండి.

కొన్ని వారాలాగి, వేరేవాళ్ల ఫోనులో మీ అమ్మమ్మ వాడే మాటలతో వెతికి చూడండి. రాకపోతే ఆ మాటల్నే వివరణలో చేర్చండి.