డిప్స్ పాఠం 4: వంగాల్సింది మెడ కాదు

డిప్స్ అంటే రెండు సమాంతర బార్ల మీద చేతులతో ఒంటి బరువు మోస్తూ, మోచేతులు మడిచి కిందికి దిగి మళ్లీ పైకి లేవడం. గత పాఠంలో ‘ముందుకు వంగితే ఛాతీకి, నిటారుగా ఉంటే ట్రైసెప్స్‌కి’ (అంటే చేతి వెనక కండకు) పని అని ఒక్క ముక్కలో తేల్చేశాను. దాని ఫలం ఇప్పుడు చూస్తున్నాం. వంగే చేశాం, అయినా మర్నాడు చేతుల వెనకే నొప్పి, ఛాతీలో ఏమీ తెలియలేదు అంటున్నారు కొందరు. ఇంకొందరికి భుజం ముందువైపు పోటు. నడుముకు బరువు కట్టుకునే పాఠాన్ని వచ్చేసారికి జరిపాను. బార్ ఎక్కడం, ఊపిరి సంగతీ మళ్లీ ఎత్తను.

బార్ మీద అరచేయి ఉన్నచోట నిట్టనిలువుగా ఒక గీత ఊహించుకోండి. అడుగుకు దిగి ఆగినప్పుడు పక్కనుంచి చూస్తే, ఆ గీతకు మోచేయి ఎంత వెనక ఉంటే ట్రైసెప్స్‌కి అంత పని. భుజం ఎంత ముందు ఉంటే ఛాతీ కింది భాగానికి, భుజం ముందరి కండకు అంత పని. జబ్బ (భుజం నుంచి మోచేయి దాకా) నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు ఈ రెండు దూరాలూ కలిపితే దాదాపు జబ్బ పొడవే. ఒకటి తగ్గితే రెండోది పెరగక తప్పదు. జబ్బ 12 అంగుళాలనుకుందాం. మోచేయి 2 అంగుళాలు వెనక, భుజం 10 ముందు ఉంటే అది ఛాతీ డిప్. మోచేయి 5, భుజం 7 అయితే ట్రైసెప్స్ వాటా బాగా పెరిగినట్టు. అక్కడ కూడా ఛాతీ ఖాళీగా కూర్చోదు. ట్రైసెప్స్ ఒక్కటే పనిచేసే డిప్ అంటూ లేదు.

ఇక నాకు విసుగు పుట్టించే తప్పు. వంగమంటే తల దించి నేలకేసి చూస్తారు. మెడ వంగుతుంది, భుజం ఉన్నచోటే ఉంటుంది, ఆ రెండు దూరాలూ మారవు. ఇంకొందరు నడుము దగ్గర మడత పడి పిరుదుల్ని వెనక్కి నెడతారు. అద్దంలో వంగినట్టే కనిపిస్తుంది, కానీ మోచేయి ఇంకా వెనక్కి జారితే పని మళ్లీ ట్రైసెప్స్‌కే పోతుంది. ఇంకొందరు వీపు గూనిలా చేసి, అదే వంగడం అనుకుంటారు. వంగాల్సింది మొండెం మొత్తం, మెడ నుంచి తుంటి దాకా ఒకే పలకలా. అలా ఎందుకు రాదంటే, శరీరం బరువు అరచేతుల మీదే నిలవాలి. భుజాలు ముందుకు పోవాలంటే దానికి సరిపడా ఏదో ఒకటి వెనక్కి పోవాలి. ఆ పని కాళ్లది. మోకాళ్లు మడిచి పాదాలు వెనక్కి తీసుకోండి, మొండెం దానంతటదే ముందుకు వాలుతుంది. కాళ్లు ముందుకు చాపితే భుజాలు వెనక్కి పోయి నిటారు అవుతారు. ట్రైసెప్స్ కావాలంటే చేయాల్సింది అదే. ఛాతీ డిప్‌లో అడుగున భుజం నుంచి దారం వేలాడదీస్తే అది పిడికిలికి జానెడు ముందు పడాలి.

పట్టు సంగతి తేలిక. రెండు బార్ల మధ్య దూరం మీ మూరెడు, మహా అయితే ఇంకో మూడు నాలుగు అంగుళాలు. అంతకన్నా ఎడంగా ఉంటే మోచేతులు పక్కలకు తెరుచుకుంటాయి, ఛాతీతోపాటు భుజం కీలు కూడా సాగుతుంది. పార్కులో బార్లు ఒకవైపు దగ్గరగా, ఇంకోవైపు ఎడంగా ఉంటే నేను ఎప్పుడూ ఇరుకు వైపే పట్టుకోమంటాను. బార్ వేళ్ల మీద కాదు, అరచేతిలో మణికట్టుకు దగ్గరగా ఆనాలి. లేకపోతే మణికట్టు వెనక్కి విరుగుతుంది. ఒకే అడ్డబార్ మీద చేసేటప్పుడు బార్ పొట్టకు అడ్డొస్తుంది కాబట్టి వంగక తప్పదు, దాంతో నిటారు డిప్ చేయలేం. బెంచీ మీద చేతులు వెనక పెట్టి చేసేది నాకు నచ్చదు. అందులో భుజం బాగా వెనక్కి మెలిపడుతుంది. ప్లాస్టిక్ కుర్చీల జోలికి అసలు పోవద్దు.

భుజం ముందు పోటుకు చాలాసార్లు కారణం వంగడం కాదు, లోతు. జబ్బ సమాంతరం కాగానే ఆగాలి. చెవుల దగ్గరికి భుజాలు ఎగబాకితే సెట్ (ఆపకుండా వరసగా చేసే డిప్స్) అక్కడితో సరి. పోటు సూదిలా గుచ్చితే ఈ పాఠం పక్కన పెట్టి డాక్టర్‌ని చూడండి.

అభ్యాసం: ఫోన్‌ను పక్కన మోచేయి ఎత్తులో నిలబెట్టండి. మోకాళ్లు మడిచి 3 సెట్లు, సెట్‌కి 5. దిగడానికి 4 సెకన్లు, అడుగున 3 సెకన్లు ఆగడం. 2 నిమిషాల విశ్రాంతి తర్వాత కాళ్లు ముందుకు పెట్టి మళ్లీ 3 సెట్లు. ఇంకా అయిదు రాకపోతే కింద స్టూలు మీద పాదాలు ఆనించి చేయండి. తర్వాత వీడియోను అడుగున ఆపి, తెర మీద స్కేలు పెట్టి అరచేతి గీత నుంచి రెండు దూరాలూ కొలవండి. రెండు రకాల సెట్లకూ కొలతలు ఒకేలా వస్తే బరువు పాఠానికి రాకండి, ఈ వారం మళ్లీ ఇదే.