పెళ్లి గిఫ్టుల లిస్టు బంధువులు నొచ్చుకోకుండా ఎలా పంపాలి?

పెళ్లయ్యాక హైదరాబాద్‌లో చాలామంది కాపురం పెట్టేది ఏ మియాపూర్‌లోనో నిజాంపేటలోనో, రెండు బెడ్‌రూముల అద్దె ఫ్లాట్‌లో. నాలుగు గోడ గడియారాలు, మూడు డిన్నర్ సెట్లు వస్తే అందులో ఎక్కడ పెడతారు? అందుకే కావాల్సినవి ఆన్‌లైన్‌లో లిస్టు చేసి లింక్ పంపడం మొదలైంది. ఆలోచన మంచిదే, కాకపోతే నోరు తెరిచి గిఫ్టు అడగడం మన ఇళ్లలో లేదు కాబట్టి, పంపే తీరులో కాస్త తేడా వచ్చినా ఆ మాట ఏళ్ల తరబడి నడుస్తుంది.

ముందు లిస్టు సంగతి. చదివింపుల్లో 1,116 రాయించే పెదనాన్న ఉంటారు, 116తో సరిపెట్టే తాతయ్యా ఉంటారు, ఇద్దరికీ అందులో ఏదో ఒకటి దొరకాలి. సగానికి పైగా వెయ్యి లోపువే పెట్టండి: పోపుల డబ్బా, దుప్పట్లు, ఇడ్లీ పాత్ర లాంటివి. ఫ్రిజ్ పెట్టాలనుకుంటే కజిన్స్ అంతా కలిసి కొనేలా ఒకరికి అప్పజెప్పండి. శ్రావణంలో ముహూర్తం అయితే ఆషాఢం తగ్గింపుల్లోనే చాలామంది కొనేస్తారు, లిస్టు అంతకంటే ముందే సిద్ధంగా ఉండాలి.

అమెజాన్ విష్ లిస్ట్ లాంటిది వాడితే, పంపేటప్పుడు 'చూడటానికి మాత్రమే' అన్నది ఎంచుకోండి, లేకపోతే ఎవరో ఒకరు పొరపాటున ఏదో తీసేస్తారు. డెలివరీకి ఫంక్షన్ హాల్ అడ్రస్ అస్సలు ఇవ్వొద్దు.

ఇప్పుడు అసలు కష్టం, ఎవరికి పంపాలి అన్నది. నా లెక్కలో అడిగినవాళ్లకే. శుభలేఖ మీద వద్దు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. "పిల్లలకి ఏం కావాలే?" అని చుట్టాలు అడిగేది ఎలాగూ మిమ్మల్ని కాదు, మీ అమ్మనో పిన్నినో. అందుకని లింక్ పిన్ని దగ్గర పెట్టేయండి, ఆవిడ మాటల్లో మాటగా చెప్తే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. నేరుగా మిమ్మల్నే అడిగితే మాత్రం ఇలా రాయండి:

"అత్తయ్యా, మీరు అడిగారని పంపుతున్నా. ఇందులోవే కొనాలని ఏం లేదు, మీకు నచ్చింది ఏదైనా సరే. మీరు మాత్రం ముందు రోజే వచ్చేయండి."

ఆన్‌లైన్‌లో కొనని పెద్దవాళ్లకి లింక్ ఎందుకు? బేగంబజార్‌లో దొరికే స్టీలు, ఇత్తడి సామాన్లు రెండు మూడు ఫోన్‌లో చెప్తే చాలు, వాళ్లకి చూసి బేరమాడి కొంటేనే తృప్తి. వెండి కుంకుమ భరిణె ఇస్తానన్న అమ్మమ్మకి మిక్సీ కావాలని చెప్పే పని పెట్టుకోకండి. ఫోన్‌లో చెప్పినవాటిని మీరే లిస్టులోంచి తీసేయాలి, లేదంటే ఒకే కుక్కర్ ఇద్దరు తెస్తారు.

ఒక్క చోటికి మాత్రం ఈ లిస్టు వెళ్లకూడదు. మీరు మగపెళ్లివారైతే ఆడపెళ్లివారికి, వాళ్ల తరఫు చుట్టాలకి పంపకండి, వాళ్లు మొహమాటానికి అడిగినా సరే. అబ్బాయి ఇంటి నుంచి వెళ్లే లిస్టుని ఎంత నవ్వుతూ పంపినా అమ్మాయి తండ్రి గిఫ్టుల లిస్టులా చదవడు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కూడా అడగకుండా ఇచ్చిన కానుకల్నే ఒప్పుకుంటుంది, అదీ లిస్టు రాసిపెట్టుకుంటేనే. ఏ వస్తువు, సుమారు విలువ ఎంత, ఎవరిచ్చారు, చుట్టరికం ఉంటే ఏమవుతారు అన్నవి రాసి వధూవరులు ఇద్దరూ సంతకం చేయాలని 1985లో రూల్స్ కూడా వచ్చాయి. చదివింపుల పుస్తకంలో సగం పని ఎలాగూ అయిపోతుంది, మిగతా వివరాలు తర్వాత ఇద్దరూ కూర్చుని పూర్తి చేయండి.

థాంక్స్ చెప్పడానికి ఫోన్లు చేసేటప్పుడు ఆ పుస్తకం పక్కనే ఉంచుకోండి, లేకపోతే కుక్కర్ ఇచ్చిన మేనత్తకి దుప్పటి చాలా బాగుందని చెప్పేస్తారు.