పెరటి బత్తాయిలు ఎక్కువ రోజులు నిలవ ఉండాలంటే

మన నల్లగొండ దిక్కు పెరట్లో ఒక్క బత్తాయి చెట్టున్నా చాలు, కాపు దిగితే ఇంటినిండా కాయలే. అవి నిలవ ఉండాలంటే అసలు జాగ్రత్త కోసేటప్పుడే తీసుకోవాలి. కాయను పట్టుకుని గుంజొద్దు. గుంజితే తొడిమె దగ్గర తొక్క లేచి చిన్న గుంత పడుతుంది, బూజు పట్టేది సరిగ్గా అక్కడే. చిన్న బొత్తంలాంటి తొడిమె కాయకే ఉండేటట్టు కత్తెరతో కత్తిరించండి. కాడ పొడుగ్గా మిగిలితే పక్క కాయకు గుచ్చుకుంటుంది. మంచు ఆరినంకనే కోయండి.

కడగొద్దు, తినే ముందు కడిగితే సరిపోతుంది. నీడలో, గాలి ఆడే చోట గోనెసంచి మీద ఒకే వరుసగా పరవండి. కిందపడ్డవీ, గీతలు పడ్డవీ ముందే రసానికి వాడేయండి. రోజూ ఒకసారి చూస్తుండాలి. ఎక్కడన్నా కాయ మెత్తబడి, తెల్లటి బూజు మీద ఆకుపచ్చ పొడి లేస్తే కదపకుండా మెల్లగా తీసేయండి, ఆ పొడి రాలితే పక్కవాటికీ అంటుకుంటుంది. ఫ్రిజ్‌లో పెడితే చిల్లులున్న కవర్‌లో పెట్టండి, లేకుంటే తొక్క ఎండి ముడతలు పడుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. బత్తాయి మామిడిలాగ కోసినంక మాగదు, తియ్యగా మారదు. పులుపున్న కాయల్ని తొందరపడి దించకండి, చెట్టుమీదనే ఇంకొన్నాళ్లు ఉండనీయండి.